తడి రోడ్డు మీద సైకిల్ జారకుండా నేను చేసింది

తిరుపతిలో చలికాలం మొదలైందంటే మంచు కాదు, ఈశాన్య రుతుపవనాల వాన. కపిలతీర్థంలో జలపాతం దూకుతుంటే చూడముచ్చటే. కానీ ఆ వానలోనే తిరుచానూరు నుంచి అలిపిరి వైపు రోజూ సైకిల్ మీద డ్యూటీకి వెళ్లాలంటే టెన్షన్. మలుపుల్లో నా వెనక చక్రం జారేది.

మేకుల టైర్లు వేయించమని ఒక మిత్రుడు అన్నాడు. అవి ఫిన్లాండ్ లాంటి దేశాలకు సరి. టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులు గడ్డకట్టిన మంచులో దిగి పట్టునిస్తాయి. తడి తారులో దిగవు, పైగా బరువు, చప్పుడు.

రబ్బరు గట్టిపడి పగుళ్లొచ్చిన పాత టైరు తీసేసి, ఫ్రేములో పట్టినంత వెడల్పుది, మెత్తటి రబ్బరుది వేయించాను. గాలి మాత్రం టైరు పక్కన అచ్చేసిన పరిమితుల్లోనే, కాస్త తక్కువ వైపు ఉంచుతున్నాను. షాపులో రాయిలా కొట్టేస్తారు, దగ్గరుండి చెప్పాలి. నీటిని పక్కకు తోసే లోతైన గాడులున్న టైరు కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. సైకిల్ టైరు సన్నం కాబట్టి మన వేగానికి కారు టైరులా నీటి పొర మీద తేలి పట్టు కోల్పోదు. తారు మీద పట్టు ఇచ్చేది రబ్బరే. బ్రేకు రబ్బర్లు కూడా మార్చాను.

ఇప్పుడు మలుపుల్లో జారడం లేదు. తడిసిన తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతల మీద మాత్రం ఏ టైరునూ నమ్మకూడదు. వాటి మీద బ్రేకు వేయకుండా, సైకిల్ వంచకుండా తిన్నగా దాటండి.