పిల్లల్లో మందదృష్టి (లేజీ ఐ): ఎలా గుర్తించాలి, చికిత్సలో ఎక్కడ పొరపాటు జరుగుతుంది

సమస్య: ఒక కన్ను మూస్తే ఊరుకుంటాడు, రెండోది మూస్తే ఏడుస్తాడు

నాలుగేళ్ల పిల్లవాడు టీవీలో బొమ్మలు చూస్తున్నప్పుడు అరచేత్తో కుడికన్ను మూస్తే పట్టించుకోకుండా, ఎడమకన్ను మూసిన వెంటనే చెయ్యి తోసేస్తే, అతని కుడికంటి చూపును అనుమానించాలి. తనకు సరిగా కనిపించడం లేదని ఆ వయసు బిడ్డ చెప్పడు. ఒక కంటితోనే పనంతా నడిచిపోతున్నప్పుడు రెండోది మందగించిందని అతనికి తెలిసే దారి లేదు. అందుకే మెల్లకన్ను లేని పిల్లల్లో ఈ లోపం చాలాకాలం బయటపడదు.

కారణం: చాలామందిలో రెండు కళ్ల పవర్ మధ్య తేడా. ఒక కంటినుంచి ఎప్పుడూ మసక బొమ్మే అందుతూ ఉంటే మెదడు దాన్ని పక్కనపెట్టి మంచి కంటినే నమ్ముకుంటుంది. మెల్లకన్ను, పుట్టుకతో వచ్చే శుక్లం, కనుపాపకు అడ్డంగా వాలిన రెప్ప కూడా ఇదే ఫలితాన్నిస్తాయి. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోయే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మురిపెంలో గడిచిపోయేది చికిత్స బాగా పనిచేసే వయసు.

పరిష్కారం: పిల్లల కంటివైద్యునికి చూపించాలి. పిల్లల కళ్లు తమంతట తామే ఫోకస్ సర్దుకుని అసలు పవర్‌ను దాచేస్తాయి కాబట్టి, చుక్కలో ఆయింట్‌మెంటో వేసి ఆ సర్దుబాటును ఆపిన తరువాతే పవర్ కొలవాలి. ఇందుకు వాడే మందుల్లో ఒకటైన అట్రోపిన్ వేస్తే కొన్ని రోజులపాటు ఎండ పడదు, దగ్గరి వస్తువులు మసకగా కనిపిస్తాయి. జ్వరం వచ్చినా, ముఖం ఎర్రబడినా మందు ఆపి వైద్యునికి చెప్పాలి.

ఫోన్ ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో కనుపాప తెల్లగా కనిపిస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అది శుక్లం కావచ్చు, కంటి క్యాన్సర్ అయిన రెటినోబ్లాస్టోమా కూడా కావచ్చు.

సమస్య: కళ్లజోడు పెట్టినా చూపు పెరగడం లేదు

ముందుగా జోడు నిజంగా రోజంతా ఉంటోందో లేదో చూడాలి. బడిలో పెట్టుకుని ఇంట్లో తీసేస్తే, లేదా ముక్కు మీదికి జారిపోయి పిల్లవాడు పైనుంచి చూస్తుంటే, అది ఉన్నా లేనట్టే. సరిగా పెట్టుకుంటే కొందరికి జోడుతోనే చూపు వస్తుంది. పవర్ తేడావల్ల చూపు మందగించిన పిల్లలపై అమెరికాలో జరిగిన అధ్యయనంలో సుమారు నాలుగోవంతు మందికి వేరే చికిత్స అవసరం రాలేదు. కొన్ని నెలలకు మెరుగుదల ఆగిపోతే అప్పుడు ప్యాచ్, అంటే కంటిని మూసే అతుకు.

ప్యాచ్‌ను మంచి కంటికి వేయాలి. “కనపడని కన్నుకు కదా కట్టు కట్టాలి” అని అమ్మమ్మ అడగడం సహజమే గానీ, మంచి కన్ను తెరిచి ఉన్నంతసేపూ మెదడు మందకన్నును వాడుకోదు. మందకంటి చూపు 6/12 నుంచి 6/24 మధ్య (రెండో అంకె పెరిగేకొద్దీ చూపు తక్కువ) ఉంటే రోజుకు 2 గంటలు సరిపోవచ్చు, అంతకన్నా తక్కువైతే సాధారణంగా 6 గంటలు. మీ బిడ్డకు ఎన్ని గంటలో వైద్యుడే చెప్పాలి. నిద్రపోయిన సమయం లెక్కలోకి రాదు.

సమస్య: ప్యాచ్ పీకేస్తాడు, లేదా పక్కనుంచి తొంగిచూస్తాడు

చికిత్స విఫలమవడానికి నా దృష్టిలో ఇదే పెద్ద కారణం. జోడు అద్దానికి అతికించిన గుడ్డ పక్కన సందు ఉంటుంది; పిల్లవాడు తల కొంచెం తిప్పి ఆ సందులోంచి మంచి కంటితో చూస్తాడు, మనం ప్యాచ్ వేశామని తృప్తిపడతాం. అంటుకునే ప్యాచ్‌ను నేరుగా చర్మానికి వేసి, దానిపై జోడు పెట్టాలి. తలనూనె నుదుటికి జారినా, చెమట పట్టినా అది నిలవదు, కాబట్టి ముఖం కడిగి తుడిచాక వేయాలి. తీసేటప్పుడు గోరువెచ్చని నీటితో తడిపితే చర్మం మండదు. ఆ సమయంలో రంగులు వేయడం, పూసలు గుచ్చడం వంటి దగ్గరి పని ఇస్తే గోల తగ్గుతుంది.

ఎంతకీ ఒప్పుకోకపోతే, మంచి కంటిని కావాలని మసకబార్చే 1% అట్రోపిన్ చుక్కల గురించి వైద్యుణ్ణి అడగవచ్చు. మోస్తరు మందదృష్టిలో వారాంతపు రెండు రోజుల్లో వేసినా రోజూ వేసినంత ఫలితం కనిపించింది.

సమస్య: చూపు వచ్చింది, కానీ అది ఇంకా మెల్లకన్నుగానే ఉంది

ప్లస్ పవర్ వల్ల లోపలికి తిరిగే కన్నును తరచు జోడే సరిచేస్తుంది. మిగిలినవాటికి శస్త్రచికిత్స అవసరం కావచ్చు. అయితే అది కంటి దిశను సరిచేస్తుందే గాని చూపును ఇవ్వదు, కనుక ఆపరేషన్ అయిందని జోడూ ప్యాచూ మానకూడదు.

సమస్య: బాగైన చూపు మళ్లీ తగ్గింది

ప్యాచ్‌ను ఒక్కసారిగా ఆపడం దీనికి ఒక ముఖ్య కారణం. చికిత్స ఆపిన ఏడాదిలోపు సుమారు నాలుగోవంతు మందిలో చూపు కొంత వెనక్కి పోతుంది. 6 గంటలు వేస్తున్నవారు ముందు 2 గంటలకు తగ్గించి, పరీక్ష చేయించుకున్న తరువాతే మానాలి. జోడు మాత్రం కొనసాగాలి. తగ్గిందని తేలితే అదే ప్యాచ్‌ను మళ్లీ మొదలుపెడతారు. ఏడేళ్లు దాటాయని వదిలేయనక్కరలేదు. 7 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో కూడా సగం మందికి పైగా చికిత్సతో మెరుగుపడ్డారు, కాకపోతే చిన్నవయసులో వచ్చినంత త్వరగా ఫలితం రాదు.