ఉప్పునీటి అక్వేరియం, 7వ పాఠం: ఆవిరైన నీళ్లు నింపే ఏటీవోను ఎంచుకోవడం

పోయిన పాఠంలో రిఫ్రాక్టోమీటరుతో ఉప్పు చూడటం నేర్చుకున్నాం. 35 దగ్గర (అంటే కిలో నీళ్లకు 35 గ్రాముల ఉప్పు) ఆపిన రీడింగు మూడు నాలుగు రోజులకే పైకి ఎక్కితే కంగారు పడకండి, మీ చూపులో తప్పేం లేదు. నీళ్లు ఆవిరైపోయాయి, ఉప్పు మాత్రం తొట్టిలోనే ఉండిపోయింది. 200 లీటర్ల తొట్టిలో 10 లీటర్లు ఎగిరిపోతే 35 కాస్తా 36.8 అవుతుంది. అందుకే ఆవిరైన చోట మంచినీళ్లు, అంటే ఉప్పు లేని నీళ్లు పోస్తాం. ఉప్పునీళ్లు పోస్తే వారం వారం ఉప్పు పేరుకుంటూ పోతుంది.

ఆ పోసే పనిని మన బదులు చేసేదే ఏటీవో, అంటే ఆటో టాప్ ఆఫ్. మట్టం చూసే సెన్సారు ఒకటి, చిన్న మోటరు ఒకటి, మంచినీళ్ల డబ్బా ఒకటి, అంతే సరంజామా. మన ఇంటి సంపు, డాబా మీద ట్యాంకు, మధ్యలో మోటరు ఎలాగో ఇదీ అలాగే. అక్కడ మోటరు వేసి మర్చిపోతే ట్యాంకు పొంగి సందంతా తడుస్తుంది, పక్కింటావిడ నాలుగు మాటలంటుంది. ఇక్కడ పొంగితే నేల తడవడంతో పోదు, తొట్టిలో ఉప్పు పలచబడి పగడాలు పోతాయి.

దుకాణంలో ఏటీవోను చూపించేటప్పుడు అన్నీ బాగానే పనిచేస్తాయి. మనం అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది చెడిపోతే మోటరు ఆగిపోతుందా, ఆగకుండా తిరుగుతుందా? ఆగిపోతే ఉప్పు మెల్లగా పెరుగుతుంది, మనకు ఒకటి రెండు రోజుల వ్యవధి దొరుకుతుంది. ఆగకుండా తిరిగితే గంటలో కొంప మునుగుతుంది.

సెన్సారు సంగతి చూద్దాం. ఫ్లోట్ రకంలో అయస్కాంతం ఉన్న చిన్న బెండు నీటితోపాటు లేచి పడుతుంది. చవక, సులువు. కానీ ఉప్పు గడ్డకట్టి అది కడ్డీకి పట్టేయొచ్చు, లేదా టర్బో నత్త ఒకటి పాకుతూ వచ్చి దాని మీదే కూర్చోవచ్చు. నత్త బరువుకు బెండు కిందే ఉండిపోతే యంత్రం లెక్కలో నీళ్లు తగ్గినట్టే, పోస్తూనే ఉంటుంది. కాబట్టి ఫ్లోట్ చుట్టూ జాలీ తొడుగు లేనిది కొనకండి. ఆప్టికల్ రకంలో కదిలే భాగమే ఉండదు. మొనలో పరారుణ కాంతి తిరుగుతుంటుంది, నీళ్లు తగలగానే ఆ కాంతి బయటికి జారిపోతుంది, దాన్నిబట్టి మట్టం తెలుసుకుంటుంది. దీనికి శత్రువు నాచు, గాలి బుడగలు. వారానికోసారి వేలితో తుడిస్తే చాలు.

నాకు నచ్చేది ఈ రెండూ ఉన్నది. కింద ఒకటి రోజువారీ పనికి, నాలుగు వేళ్లు పైన ఇంకోటి కాపలాకి. రెండూ వేర్వేరు రకాలైతే ఒకే కారణానికి రెండూ చెడవు. జర్మనీ కంపెనీ టున్జె చేసే ఓస్మోలేటర్ 3155 ఈ పద్ధతిదే: పని చేసేది పరారుణ కన్ను, కాపలా కాసేది ఫ్లోట్. పైగా మోటరు ఏకబిగిన 10 నిమిషాలు తిరిగితే ఆపేసి అలారం కొడుతుంది. ఖరీదు ఎక్కువే. కొనకపోయినా దాని వరస తెలిస్తే మిగతావాటిని తూచడం తేలిక.

ఆ టైమరు విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. నా మొదటి ఏటీవోకి అది లేదు. ఒక ఆదివారం నీళ్లు మారుద్దామని సంప్‌లోంచి, అంటే తొట్టి కింద ఉండే వడపోత తొట్టిలోంచి, 20 లీటర్లు తోడాను. ఇంతలో ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చేసరికి మట్టం గీత దగ్గరే ఉంది. కొత్త ఉప్పునీళ్లు పోసేశానేమో అనుకున్నా. తీరా చూస్తే ఉప్పునీళ్ల బకెట్ నిండుగా అలాగే ఉంది! ప్లగ్ తీయడం మరిచాను. మట్టం పడిపోయిందని యంత్రం 20 లీటర్ల మంచినీళ్లు బుద్ధిగా నింపింది. రీడింగు 31.5. పగడాలు రెండు రోజులు ముడుచుకునే ఉన్నాయి. యంత్రాన్ని అనడానికేం లేదు, దానికి చెప్పిన పని అది చేసింది.

ఇక డబ్బా. పెద్దదైతే మళ్లీ మళ్లీ నింపక్కర్లేదని అందరికీ ఆశ. కానీ మీ ఆఖరి కాపలా ఈ డబ్బానే. 200 లీటర్ల తొట్టిలో 40 లీటర్ల డబ్బా మొత్తం కుమ్మరిస్తే 35 పడి 29.2 అవుతుంది. 15 లీటర్లదైతే 32.6 దగ్గర ఆగుతుంది. పండక్కి ఊరెళ్లేటప్పుడు పెద్ద డబ్బా పెట్టే బదులు, మధ్యలో ఒకసారి వచ్చి నింపే మనిషిని చూసుకోవడమే మేలని నా అభిప్రాయం. ఇంకో సంగతి: కరెంటు పోయినప్పుడు పై తొట్టి నుంచి సంప్‌లోకి దిగే నీళ్లకు తోడు ఈ 15 లీటర్లూ పట్టే చోటుండాలి.

పైపు చివర విషయంలో చాలామంది దెబ్బ తింటారు. అది సంప్ నీళ్లలో మునిగి ఉండి, డబ్బాలో మట్టం అంతకంటే కిందుంటే, మోటరు ఆగాక ఉప్పునీళ్లు వెనక్కి నడుస్తాయి. పైపు చివర డబ్బాలోని నీటిమట్టం కంటే కిందుంటే మోటరు ఆగినా నీళ్లు సైఫన్ కట్టి కారుతూనే ఉంటాయి. డబ్బా నిండుగా ఉన్నప్పటి మట్టం కంటే ఎత్తులో, గాలిలో వేలాడేలా క్లిప్ పెట్టండి.

మోటరు 12 వోల్టులదే తీసుకోండి. డాబా ట్యాంకుకి వాడే ఫ్లోట్‌కి 230 వోల్టుల తీగ కలిపి ఉప్పునీళ్లలో వేలాడదీయడం చూశాను. ఆ పని చేయకండి. డబ్బాలో పోసే నీళ్లు డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) దాటి వచ్చి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో సున్నా చూపించాలి. తాగే నీళ్ల ఫిల్టరు రుచి కోసం కొంత లవణాన్ని ఉంచేస్తుంది, అది పనికిరాదు.

ఈ వారం అభ్యాసం రెండు పనులు. మొదటిది: ఏటీవో లేకుండా, సంప్‌లో రిటర్న్ మోటరు (నీళ్లను పై తొట్టికి ఎక్కించేది) ఉండే అరలో నీటిమట్టం దగ్గర టేపు అంటించండి. సరిగ్గా 24 గంటలకు, కొలిచిన చెంబుతో మళ్లీ ఆ గీతదాకా నింపండి. ఎన్ని చెంబులు పట్టాయో రాసుకోండి. నీళ్ల మీద ఫ్యాను పెట్టి ఒకరోజు, తీసేసి ఒకరోజు చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

రెండోది: కొన్న ఏటీవోను తొట్టికి తగిలించకముందే రెండు బకెట్లతో పరీక్షించండి. కింది సెన్సారు ఫ్లోట్ అయితే వేలితో నొక్కి పట్టుకోండి, నత్త మీరే అనుకోండి; ఆప్టికల్ అయితే నీళ్లకు అందకుండా ఎత్తిపట్టండి. పై సెన్సారు మోటరుని ఆపిందా? ఇప్పుడు పై సెన్సారుని నీళ్లకు అందకుండా ఎత్తిపట్టి మళ్లీ చేయండి. టైమరు ఎన్ని నిమిషాలకు ఆపింది? మధ్యలో ప్లగ్ పీకి మళ్లీ పెట్టండి. కొన్నింట్లో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టైమరు సున్నా నుంచి మొదలవుతుంది. కరెంటు పోతూ వస్తూ ఉండే ఇంట్లో అలాంటి టైమరుని నమ్ముకుని లాభం లేదు, డబ్బా ఇంకా చిన్నది పెట్టుకోండి.

మీ చెంబుల లెక్క దగ్గరుంచుకోండి. 8వ పాఠంలో స్కిమ్మర్ (నురుగుతో మురికిని బయటికి తీసే పరికరం) సర్దేటప్పుడు అది కావాలి: స్కిమ్మర్ కప్పు పొంగి ఉప్పునీళ్లు బయటికి పోతుంటే, ఏటీవో ఆ లోటుని మంచినీళ్లతో పూడ్చేస్తుంది. మట్టం చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది. డబ్బా మాత్రం మామూలు కంటే ముందే ఖాళీ అవుతుంది.