స్నేహితుడు కారు అడిగితే ఇవ్వాలా, వద్దా? ఎలా నిర్ణయించుకోవాలి?

పెళ్లి ముహూర్తాలు మొదలైనా, సంక్రాంతి సెలవులు దగ్గరపడినా కారు ఉన్నవారికి ఈ ఫోను తప్పదు: "రెండు రోజులు బండి కావాలిరా." అడిగినవాడు మనకు ఎంత దగ్గరివాడో, కాదంటే ఎంత నొచ్చుకుంటాడో చూసుకొని చాలామంది అప్పటికప్పుడే జవాబు చెప్పేస్తారు. అలా చెప్పిన జవాబు ఔనైనా కాదైనా తరువాత ఇబ్బంది పెడుతుంది. చూడవలసినవి కాగితాలు, నడిపే మనిషి, వెళ్లే దారి, నష్టం వస్తే భరించే పద్ధతి. వీటిని ఇదే వరుసలో చూడాలి.

ముందు కాగితాలు

ఇది తేలిక పని. ఆర్.సి., ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులు చూసుకోవాలి. వాటిలో ఒక్కటి దాటిపోయి ఉన్నా ఆలోచన అక్కడితో ఆపి, ఇవ్వలేనని చెప్పాలి. డిజిలాకర్‌లోని పత్రాలు చెల్లుతాయి కాని, అవి మీ ఫోనులో ఉంటాయి, కారు మరొక ఊళ్లో ఉంటుంది. కాబట్టి అసలు ఆర్.సి. కార్డు కారుతోపాటే వెళ్లాలి. థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివారికి కలిగే నష్టానికే చెల్లేది) మాత్రమే ఉండి, ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టానికి వర్తించే బీమా) లేని కారును ఎవరికీ ఇవ్వకూడదు.

నడిపేది ఎవరు?

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి ఈ మెట్టు దగ్గర తొందరపడకూడదు. యజమాని నడిపితేనే ఇన్సూరెన్సు వర్తిస్తుందని కొందరు, ఎవరు నడిపినా వర్తిస్తుందని మరికొందరు నమ్ముతారు, రెండూ సరికావు. మన దేశంలో ప్రైవేటు కారు పాలసీలో డ్రైవరు గురించి ఒక నిబంధన ఉంటుంది. ప్రమాద సమయానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండి, నడపడానికి అనర్హుడు కాని వ్యక్తి ఎవరైనా, యజమాని అనుమతితో నడుపుతున్నప్పుడు ఆ పాలసీ పనిచేస్తుంది. అంటే మీ రక్షణ అంతా ఆ స్నేహితుని జేబులో ఉన్న లైసెన్సు కార్డు మీద నిలబడి ఉంటుంది. ఇంతటి కార్డును చూడకుండా తాళాలు ఇచ్చే అలవాటు మన దగ్గర ఎందుకు స్థిరపడిందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

లైసెన్సు ఫోటోను వాట్సాప్‌లో తెప్పించుకోవాలి. అందులో ఎల్.ఎం.వి. (కారు వంటి తేలికపాటి వాహనాలకు అనుమతి) అని ఉన్నదో లేదో, గడువు ఎప్పటివరకో చూడాలి. బైకు లైసెన్సుతో కారు నడిపేవారు మీరు అనుకున్నదానికంటే ఎక్కువమంది ఉన్నారు. లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇస్తే పరివాహన్ వెబ్‌సైటులో వివరాలు కనిపిస్తాయి. ఎల్.ఎల్.ఆర్. (నేర్చుకునేవారి లైసెన్సు) మాత్రమే ఉన్నవారికి ఇవ్వకూడదు, పక్కన ఎవరు కూర్చుంటామన్నా సరే. సెలవులకు అమెరికా నుంచి వచ్చిన మిత్రుడు అడిగితే, ఇక్కడి లైసెన్సు గడువు మిగిలి ఉన్నదా, లేకుంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకున్నాడా అని అడగాలి. ఉన్నా కూడా, ఏళ్ల తరబడి రోడ్డుకు కుడివైపున, గేర్లు లేని కారు నడిపినవారికి మొదటి రెండు రోజులు మన రోడ్ల మీద కారు ఇవ్వకపోవడమే ఆయనకు చేసే మేలు.

ఇంతవరకు చేసినవారు కూడా ఒక ప్రశ్న మరిచిపోతారు: అడిగినవాడే నడుపుతాడా? మన ఇళ్లలో కారు అడిగేది ఒకరు, తాళాలు తీసుకువెళ్లేది మరొకరు, కోదాడ దాటాక స్టీరింగు దగ్గర కూర్చునేది ఇంకొకరు. బావమరిది బాగా నడుపుతాడు, తమ్ముడు సరదా పడుతున్నాడు అన్న మాటలు దారిలో పుడతాయి. లైసెన్సు లేని వ్యక్తి నడపడానికి యజమాని అనుమతిస్తే మోటారు వాహనాల చట్టం 180వ సెక్షను కింద 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నడిపింది మైనరు అయితే, 2019 సవరణలో చేర్చిన 199ఎ సెక్షను ప్రకారం యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. కారు రిజిస్ట్రేషను కూడా 12 నెలలు రద్దవుతుంది. తనకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్త తీసుకున్నాననో యజమానే రుజువు చేసుకోవాలి.

పరిహారం విషయంలో కూడా ఈ జాగ్రత్తే లెక్కకు వస్తుంది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, డ్రైవరుకు లైసెన్సు లేదన్న ఒక్క కారణం చూపి బీమా కంపెనీ బాధితులకు పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదని చెప్పింది. అయితే యజమాని తగిన జాగ్రత్త తీసుకోలేదని తేలితే, కంపెనీ ముందు తాను చెల్లించి ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చునని కూడా చెప్పింది. మీ ఫోనులో దాచుకున్న ఆ లైసెన్సు ఫోటో, తేదీతో సహా, మీ జాగ్రత్తకు సాక్ష్యం. దాన్ని తుడిచివేయకూడదు.

ఇక స్నేహితుని ప్రాణం సంగతి. మీ పాలసీలోని 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానిగా మీకే వర్తిస్తుంది, మీ కారు నడుపుతున్న ఆయనకు రాదు. పైగా 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు, బండిని యజమాని దగ్గర తీసుకొని నడుపుతూ మరణించిన వ్యక్తిని యజమాని స్థానంలో ఉన్నవానిగానే చూసి, తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే పరిహారం కోరే వీలిచ్చిన అప్పటి 163ఎ సెక్షను కింద వారసులకు పరిహారం రాదని తీర్పు చెప్పింది. కాబట్టి సొంతంగా ప్రమాద బీమా ఉన్నదా అని ఆయననే అడగాలి. ఆయన భార్యాపిల్లల గురించి ఆలోచించేవారు ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకూడదు.

మాట ఇలా కదిపితే ఎవరూ నొచ్చుకోరు: "నువ్వే నడుపుతావు కదరా? లైసెన్సు ఫోటో ఒకటి పంపించు, ఇన్సూరెన్సు కోసం నా దగ్గర ఉండాలి. వేరేవాళ్లు నడిపేటట్టయితే వాళ్లది కూడా ముందే పంపించు." వయసులో పెద్దవారైతే "అన్నా" అని మొదలుపెట్టి ఇదే అడగాలి. ఫోటో రాకపోతే కారు ఇవ్వకూడదు. అలాగే, పక్క సీటులో కూర్చొని ఒక్కసారి కూడా డ్రైవింగు చూడని మనిషికి కారు ఇవ్వకూడదు. బ్రేకు ఎంత ముందుగా వేస్తున్నాడు, ఫోను మోగితే చేయి ఎటు వెళుతున్నది అన్నవి పది నిమిషాల్లో తెలుస్తాయి. తాగి నడిపిన చరిత్ర ఉంటే ఎంత ప్రాణస్నేహితుడైనా జవాబు కాదు అన్నదే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే చట్టం దృష్టిలో నేరం.

దారి, అవసరం

ఆసుపత్రి పని అయితే వెంటనే ఇవ్వాలి, వీలైతే మీరే నడిపి తీసుకువెళ్లాలి. విహారయాత్రకైతే ఘాట్ రోడ్డుకు, రాత్రి ప్రయాణానికి ఇవ్వకూడదు. సాయంత్రం హైదరాబాదులో బయలుదేరి శ్రీశైలం వెళతామనేవారికి అమ్రాబాద్ అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరని కూడా తెలిసి ఉండదు. వానకాలమైతే ఒక మాట తప్పక చెప్పాలి: నీటిలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్టు చేయకూడదు. అలా చేసి ఇంజను పాడైతే, ఇంజను ప్రొటెక్ట్ అదనంగా తీసుకోనివారికి సాధారణంగా క్లెయిము రాదు.

డబ్బు తీసుకోకూడదు. వాడుకున్న పెట్రోలు పోయించి ఇవ్వడం వేరు, కిలోమీటరుకు ఇంతని పుచ్చుకోవడం వేరు. రెండోది అద్దె కిందికి వస్తుంది. ప్రైవేటు కారు పాలసీ అద్దెకు తిప్పే బండిని కాపాడదు.

నష్టం వస్తే ఎవరిది?

ఇది తాళాలు ఇచ్చేముందే తేలాలి. క్లెయిము వేస్తే యజమాని భరించవలసిన కనీస మొత్తం ఇంజను 1500 సీసీ వరకు ఉన్న కారుకు 1,000 రూపాయలు, ఆపైన 2,000. అసలు నష్టం నో క్లెయిమ్ బోనస్‌ది: క్లెయిము లేకుండా గడిచినకొద్దీ ప్రీమియంలో ఏడాదికేడాది 20 శాతం నుంచి 50 దాకా పెరిగిన తగ్గింపు, ఒక్క క్లెయిముతో సున్నా అవుతుంది. అందుకే చిన్న గీతలకు, బంపరు సొట్టలకు తీసుకున్నవాడే సొంత డబ్బుతో బాగుచేయించాలని, పెద్ద దెబ్బకు క్లెయిము వేసి బోనస్ నష్టాన్ని ఆయన ఇవ్వాలని ముందే మాట అనుకోవాలి. ఈ మాటకు ముఖం మార్చుకున్నవారికి కారు ఇవ్వకపోవడం మంచిది.

జవాబు చెప్పడం

కాదనుకుంటే ఆ రోజే చెప్పాలి. సర్వీసింగుకు ఇచ్చానని అబద్ధం చెబితే, ఆ కారే సాయంత్రం బజారులో ఆయనకు ఎదురుపడుతుంది. "నా బండి నేను తప్ప ఎవరూ నడపరురా, కావాలంటే యాక్టింగ్ డ్రైవరును (రోజు లెక్కన వచ్చి బండి నడిపేవాణ్ని) మాట్లాడిపెడతాను" అంటే సరిపోతుంది. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కార్లు పెద్ద ఊళ్లన్నింటిలో దొరుకుతున్నాయి, వాటి సంగతి కూడా చెప్పవచ్చు.

ఇస్తున్నట్టయితే నాలుగు వైపులా ఫోటోలు, కిలోమీటర్ల రీడింగు, పెట్రోలు ముల్లు ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోవాలి. స్టెపినీలో గాలి, జాకీ చూపించాలి. ఫాస్టాగ్ డబ్బు మీ ఖాతాలోనే కోతపడుతుంది కాబట్టి, విజయవాడ దారి అయితే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోళ్లకు సరిపడా రీచార్జి ఆయన చేతే చేయించాలి. కారు తిరిగి వచ్చాక నెల రోజులపాటు ఈ-చలానా వెబ్‌సైటులో బండి నంబరు వేసి చూస్తుండాలి. కెమెరా చలానాలు ఆలస్యంగా, యజమాని పేరు మీదే వస్తాయి, అవి వచ్చిన రోజే ఆయనకు పంపి కట్టించాలి.