నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో వృద్ధుల సంరక్షణను వృత్తిగా చేపట్టదలచినవారికి

వృద్ధుల సంరక్షణను వృత్తిగా ఎంచుకోవాలనుకునేవారు సాధారణంగా ఏ కోర్సు చేయాలన్న ప్రశ్నతో వస్తారు. దానికి జవాబు ఉంది, కింద ఇస్తాను. అయితే అంతకన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. మంచాన పడిన మనిషికి ఒళ్లు తుడవడం, మలమూత్రాలు శుభ్రం చేయడం, అన్నం తినిపించడం తమ చేత అవుతుందా అన్నదే అది. డాక్టరు కావాలనుకున్నా, సోషల్ వర్కరు కావాలనుకున్నా, రేపు ఒక వృద్ధాశ్రమాన్ని నడపాలనుకున్నా, కొన్నాళ్లపాటు ఈ పనిని స్వయంగా చేయనివారి మాటను అక్కడి ఆయాలు వినరు. వినకపోవడం న్యాయమే.

ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా నుంచి, దేవరకొండ తండాల నుంచి ముంబై, పుణె, హైదరాబాద్‌లకు కూలి పనుల కోసం వలస వెళ్లడం తరాలుగా సాగుతోంది. ఒంట్లో సత్తువ ఉన్నవారు వెళ్లిపోగా ముసలివారు, బడికి పోయే పిల్లలు ఊళ్లో మిగులుతారు. కాబట్టి ఇక్కడ ఈ వృత్తి ఆశ్రమంలో ఉద్యోగంతో ఆగిపోదు. వారానికి రెండుసార్లు ఇంటికి వెళ్లి బీపీ, షుగర్ చూడటం, మందులు సర్దిపెట్టడం, పుణెలో ఉన్న కొడుక్కి ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పడం కూడా ఇందులో భాగమే. భాష కూడా చూసుకోవాలి. తండాల్లో లంబాడీ, నారాయణపేట, మక్తల్ వైపు కన్నడ, మహబూబ్‌నగర్ పట్టణంలో ఉర్దూ మాట్లాడే వృద్ధులు చాలామంది ఉన్నారు. మతిమరుపు ముదిరినప్పుడు తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి, తల్లి ఒడిలో నేర్చిన భాషే మిగలడం తరచుగా జరుగుతుంది. ఇంట్లో లంబాడీ మాట్లాడే అమ్మాయికి ఈ వృత్తిలో ఉన్న విలువను ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేదు.

చదువు దారులు

పది, ఇంటర్ చదివి త్వరగా పనిలో చేరదలచినవారికి జనరల్ డ్యూటీ అసిస్టెంట్ (ఆసుపత్రిలో రోగుల రోజువారీ పనులకు సాయపడే మనిషి), వృద్ధుల సంరక్షణ సహాయకుల శిక్షణ వంటి కొద్ది నెలల కోర్సులు ఉన్నాయి. డబ్బు కట్టే ముందు ఆ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్టుకు ప్రభుత్వ నైపుణ్య శిక్షణ వ్యవస్థలో గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. బస్టాండు పక్కన బోర్డు పెట్టి సొంత ముద్రతో కాగితం ఇచ్చే సంస్థలకు కొదవ లేదు. నర్సింగ్ వైపు వెళ్లేవారికి జీఎన్ఎం (నర్సింగ్, మంత్రసాని పని నేర్పే డిప్లొమా) మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు పడుతుంది. చదువు పూర్తికాగానే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవడం తప్పనిసరి. డిగ్రీ అయినవారు పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఎంఎస్‌డబ్ల్యూలో, అంటే సోషల్ వర్క్ పీజీలో చేరవచ్చు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కింద ఢిల్లీలో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్ వృద్ధుల సంరక్షణపైనే ఏడాది పీజీ డిప్లొమా నడుపుతోంది. ఎంబీబీఎస్ చదివినవారు జెరియాట్రిక్ మెడిసిన్‌లో, అంటే వృద్ధుల వైద్యంలో, దూరవిద్య విశ్వవిద్యాలయం ఇగ్నో ద్వారా ఏడాది డిప్లొమా గానీ, మెడికల్ కాలేజీలో మూడేళ్ల ఎండీ గానీ చేయవచ్చు. ఈ ఎండీ మన దేశంలో మొదటిసారి మద్రాస్ మెడికల్ కాలేజీలో 1996లో మొదలైంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు, బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చాక పెద్ద ఆసుపత్రి అనుభవం కోసం హైదరాబాద్ దాకా పోవలసిన అవసరం తగ్గింది. ఒక్క పాలియేటివ్ కేర్ విషయంలో మాత్రం, అంటే నయంకాని జబ్బుల్లో నొప్పిని అదుపు చేసే విద్య కోసం, హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో కొన్నాళ్లు పనిచేసి రావడం మంచిదని నా అభిప్రాయం.

చేతులకు రావలసిన విద్య

మనిషి స్వతంత్రతను అంచనా వేయడానికి 1963లో సిడ్నీ కాట్జ్ బృందం రూపొందించిన కొలమానం ఇప్పటికీ వాడుకలో ఉంది. స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీది నుంచి లేవడం, మలమూత్రాలను అదుపులో ఉంచుకోవడం, తినడం అనే ఆరు పనుల్లో ఏవి సొంతంగా చేసుకోగలరో చూస్తారు. ఆశ్రమంలో చేరిన రోజే ఇది రాసుకుని, మూడు నెలలకోసారి తిరిగి చూడాలి. దీనికి తోడు చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమని అడగండి. 14 సెకన్లలో పూర్తి చేయలేకపోతే కాళ్ల కండరాలు బలహీనపడ్డాయని గుర్తించి మరింత పరీక్ష చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. గోడ గడియారం, గట్టి కుర్చీ ఉంటే ఏ ఇంట్లోనైనా ఈ పరీక్ష చేయవచ్చు. అయితే పరీక్ష జరుగుతున్నంతసేపూ పక్కనే నిలబడి ఉండాలి.

ఈ ప్రాంతంలో పనిచేసేవారు ఇతర చోట్ల అంతగా ఎదురుకాని ఒక పరిస్థితిని ప్రత్యేకంగా నేర్చుకోవాలి. నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును నల్లగొండ జిల్లాలో 1945లోనే గుర్తించారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు పల్లెల్లో బోరు నీళ్లు తాగి పెరిగిన తరం ఇప్పుడు వార్ధక్యంలో ఉంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినంత మాత్రాన ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ పోదు. అలాంటి వృద్ధుడి వెన్నెముక మెడ నుంచి నడుము దాకా ఒకే వెదురుబొంగులా బిగుసుకుపోయి ఉంటుంది. మెడను విడిగా తిప్పబోతే నొప్పితో అరుస్తాడు. పక్కకు పొర్లించవలసి వస్తే ఇద్దరు కావాలి. ఒకరు భుజం, తుంటి దగ్గర, మరొకరు నడుము కింద, మోకాలి దగ్గర చేతులు పెట్టి, మోకాళ్ల మధ్య దిండు ఉంచి, "తాతా, ఇటువైపు తిప్పుతున్నం" అని ముందే చెప్పి, ఒళ్లంతా ఒకే ముక్కగా మెల్లగా తిప్పాలి. పక్కటెముకల కీళ్లు కూడా బిగుసుకుని ఊపిరి నిండా అందదు కాబట్టి వెల్లకిలా చదునుగా పడుకోబెట్టకుండా వీపు వెనుక ఎత్తు పెట్టాలి. మెడ పైకెత్తలేరు కాబట్టి తినిపించేవారు నిలబడకుండా వారి కళ్లకు ఎదురుగా కూర్చుని, చెంచాను కిందినుంచి నోటికి అందించాలి. ఎముక చూడటానికి దట్టంగా ఉన్నా పెళుసుగా ఉంటుంది. వంగిన మోకాళ్లను సాగదీస్తామని బయలుదేరే నాటు మాలిష్‌వాళ్లను దగ్గరికి రానివ్వకూడదు.

లేవలేనివారిని కనీసం రెండు గంటలకోసారి పక్క మార్చడం, తుంటి, మడమ, వీపు కింది భాగం ఎర్రబడిందేమో చూడటం అందరికీ తెలిసిన నియమమే. అందరికీ తెలిసినా రాత్రి పన్నెండు దాటాక పాటించేవారు తక్కువ. ఇక్కడి వేసవి ఎండలకు దాహం తెలియని వృద్ధులు త్వరగా నీరసించి అయోమయంలో పడతారు. నీళ్లు అడిగితే ఇద్దామని ఎదురుచూడకుండా వేళ పెట్టి ఇవ్వాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఎంత ఇవ్వాలో మాత్రం డాక్టరును అడిగి గోడ మీద రాసిపెట్టాలి.

ఇంటికి వెళ్లిన మొదటి రోజే మందుల సంచీ తెప్పించి మంచం మీద కుమ్మరించండి. ఒకే బీపీ మాత్ర రెండు కంపెనీల పేర్లతో రెండు పూటలా వేసుకుంటున్న సంగతి, ఏడాది కింద ఎవరో రాసిన నిద్ర మాత్ర ఇంకా సాగుతున్న సంగతి, కీళ్ల నొప్పులకు ఊరి ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకుంటున్న సూదుల సంగతి అక్కడే బయటపడతాయి. నొప్పి మందులు కిడ్నీని, నిద్ర మాత్రలు నడకను దెబ్బతీస్తాయి. ఏ మందూ మీరుగా ఆపకండి. మందు పేరు, మోతాదు, వేళ, రాసిన తేదీ వరుసగా ఒక కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టండి. రద్దీ ఓపీలో కూర్చున్న డాక్టరు మీ కథ వినకపోవచ్చు గానీ ఆ కాగితం తప్పకుండా చూస్తారు.

ఆశ్రమాన్ని మార్చడం

అమెరికాలో వృద్ధుల నర్సింగ్ హోముల దుస్థితిపై 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక ఇవ్వగా, 1987లో సంస్కరణ చట్టం వచ్చింది. ప్రతి నివాసి స్థితిని నమోదు చేయడం, ఎవరికి వారికి సంరక్షణ ప్రణాళిక ఉండటం, సిబ్బంది సౌకర్యం కోసం మంచానికి కట్టివేయకపోవడం, సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఇవ్వడం ఆ చట్టంతో తప్పనిసరి అయ్యాయి. మన 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపోయే ఆశ్రమం జిల్లాకు ఒకటి ఏర్పాటు చేయవచ్చునని చెప్పింది. చేయవచ్చునన్నదే తప్ప చేసి తీరాలనలేదు. ప్రైవేటు ఆశ్రమాల రిజిస్ట్రేషన్, ప్రమాణాలు తెచ్చే సవరణ బిల్లు 2019లో లోక్‌సభ ముందుకు వచ్చినా చట్టం కాలేదు. కాబట్టి పైనుంచి తనిఖీ వస్తుందని కూర్చోకుండా లోపల పనిచేసేవారే మార్పు మొదలుపెట్టాలి. అందుకు కావలసింది ఉపన్యాసాలు కావు, నాలుగు రిజిస్టర్లు.

మొదటిది పడిపోయిన ఘటనల రిజిస్టరు. తేదీ, గంట, చోటు, కాళ్లకు ఏ చెప్పులున్నాయి, లైటు వెలుగుతోందా, అంతకుముందు ఏ మాత్ర వేసుకున్నారు అన్నవి రాయాలి. కొద్ది నెలలు నిజాయితీగా రాస్తే బాత్‌రూమ్ దారిలోని ఏ మలుపు దగ్గర, ఏ వేళలో జనం పడుతున్నారో కాగితమే చెబుతుంది. అప్పుడు యాజమాన్యాన్ని అడగవలసింది ఒక గోడ కడ్డీ, ఒక రాత్రి లైటు మాత్రమే. అంత చిన్న కోరికను కాదనడం ఎవరికైనా కష్టం. రెండోది నెలవారీ బరువు రిజిస్టరు. నెలలో ఐదు శాతం తగ్గినవారిని వెంటనే డాక్టరుకు చూపించాలి. మూడోది కదలక పడుకోవడం వల్ల వచ్చే పడక పుండ్లది, నాలుగోది మందులది.

భోజన వేళలు చూడండి. సాయంత్రం వంటమనిషి ఇంటికి పోవాలని ఆరింటికే అన్నం పెట్టేసి, మర్నాడు ఎనిమిదిన్నరకు టిఫిన్ ఇచ్చే చోట నడుమ పద్నాలుగున్నర గంటల ఖాళీ కడుపు ఉంటుంది. రాత్రి భోజనానికి, మర్నాటి టిఫిన్‌కు మధ్య 14 గంటలు మించితే రాత్రి పడుకునే ముందు పోషకాహారం ఇవ్వాలని అమెరికా నిబంధనలు చెబుతాయి. ఇన్సులిన్ తీసుకునేవారికి ఇది ప్రాణం మీది మాట. రాత్రి తొమ్మిదింటికి గ్లాసు పాలు గానీ, కొంచెం రాగి జావ గానీ ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కాకపోతే ఆ వేళకు ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి కోసమే పోట్లాడవలసి వస్తుంది.

ఆసరా వృద్ధాప్య పింఛను 2019లో 2,016 రూపాయలైంది. ఆ డబ్బు ఎవరి చేతిలో ఉందో అడగండి. ఆశ్రమం వాడుకుంటే రసీదు ఉండాలి, కొంతైనా వారి చేతికి రావాలి. బీడీకో, వక్కాకుకో, మనవడికి బిస్కెట్ పొట్లానికో ఇంకొకరిని అడుక్కునే స్థితి మనిషిని జబ్బుకన్నా ఎక్కువ కుంగదీస్తుంది. నెలకోసారి నివాసులందరినీ కూర్చోబెట్టి, మేనేజరు లేని చోట మాట్లాడనివ్వండి. మొదటి రెండుసార్లు ఎవరూ నోరు విప్పరు. తర్వాత పప్పులో నీళ్ల గురించి మొదలుపెడతారు.

పిల్లలు చూడనప్పుడు పోషణ కోరుతూ ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు వృద్ధులు స్వయంగా గానీ, వారు అధికారమిచ్చిన వ్యక్తి, సంస్థ ద్వారా గానీ దరఖాస్తు ఇవ్వవచ్చు. 2007 చట్టం ప్రకారం నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు, నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి. పోషణ చూస్తామన్న షరతు మీద భూమి రాయించుకుని గాలికి వదిలేస్తే 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజును రద్దు చేయమని కోరవచ్చు. అందుకే ఆ షరతు గిఫ్ట్ డీడ్‌లో రాసి ఉందో లేదో ముందు చూడాలి. ఫోన్ చేయగలిగినవారికి 14567 హెల్ప్‌లైన్ నంబరు రాసివ్వండి.

ఉద్యోగంలో చేరేటప్పుడు

ప్రభుత్వ రంగంలో జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పది పడకల వార్డులు, పీహెచ్‌సీల్లో వారానికోసారి క్లినిక్ ఉండాలన్న ఏర్పాటు ఉంది. రాష్ట్రంలో 'ఆలన' పేరుతో ఇంటికే వెళ్లి చూసే పాలియేటివ్ సేవ కూడా ఉంది. ఈ పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలో జిల్లా వైద్యాధికారి కార్యాలయం ద్వారా వస్తాయి. ప్రైవేటులో చేరేవారు నియామక పత్రం అడిగి తీసుకోవాలి. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట నెల జీతం 21,000 దాటనివారికి ఈఎస్ఐ హక్కు. ఇంట్లోనే ఉండి చూసుకునే పని ఒప్పుకుంటే రాత్రి నిద్ర ఎన్ని గంటలు, వారాంతపు సెలవు ఏ రోజు అన్నది ముందే కాగితం మీద పెట్టించుకోండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పనిలో చేరకముందే మొదలుపెట్టాలి.

జపాన్, జర్మనీ వెళ్లదలచినవారికి విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ దారి ఉంది. జపాన్‌లో వృద్ధుల సంరక్షణ పనికి ప్రత్యేక నైపుణ్య వీసా కావాలంటే ఎన్4 స్థాయి జపనీస్ లేదా దానికి సమానమైన పరీక్ష, సంరక్షణ పనికి సంబంధించిన పరీక్షలు పాస్ కావాలి. ప్రైవేటు ఏజెంటు ద్వారా వెళ్తే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరు ఉందో లేదో చూసుకోండి. నమోదైన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి సేవా రుసుము తీసుకోకూడదు. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడగాలి, రసీదు ఇవ్వనన్నవాడికి పాస్‌పోర్టు ఇవ్వకూడదు.