భూకంపాలు నిజంగా పెరుగుతున్నాయా? ఇల్లు కట్టే ముందు, అద్దెకు దిగే ముందు చూసుకోవాల్సినవి

2024 డిసెంబర్ 4, బుధవారం. పొద్దున 7 గంటల 27 నిమిషాలకు హనుమకొండలో మా ఇంట్లో బీరువా హ్యాండిల్ దానంతటదే టకటక కొట్టుకుంది. వంటింట్లో స్టాండులో పెట్టిన స్టీలు పళ్లేలు గలగలమన్నాయి. ఏమిటా అని తల తిప్పేలోపే ఆగిపోయింది. అమ్మ దేవుడి గది గడప దగ్గరే కూర్చుండిపోయింది, చేతిలో అగరుబత్తి అలాగే ఉంది. బయటికి వస్తే గల్లీ గల్లీ అంతా రోడ్డు మీదే ఉంది.

ములుగు జిల్లా మేడారం వైపు అడవిలో, భూమికి దాదాపు 40 కిలోమీటర్ల లోతున వచ్చిన భూకంపం అది. తీవ్రత 5.3. హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ మంచాలు కదిలాయి. అంతకు మూడు నెలల ముందే ఆ తాడ్వాయి అడవిలో ఈదురుగాలులకు వేల చెట్లు కూలిపోయాయి. ఆ రెండూ ముడిపెట్టి ఆ రోజంతా వాట్సాప్‌లో మెసేజ్‌లే మెసేజ్‌లు. అదే నెలలో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి మళ్లీ మళ్లీ స్వల్పంగా కంపించింది. మరుసటి మార్చిలో మయన్మార్‌లో 7.7. జూలైలో రష్యా కమ్చాట్కాలో 8.8. నవంబర్‌లో ఇథియోపియాలో హేలీ గుబ్బి అగ్నిపర్వతం పేలి, దాని బూడిద ఢిల్లీ ఆకాశం దాకా వచ్చి విమానాలు ఆగిపోయాయి. "ఏమైతుందిరా ఈ భూమికి?" అని అమ్మ అడిగింది. అది చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే కాబట్టి ముందు దానికి జవాబు చెప్పి, తర్వాత జాగ్రత్తల్లోకి వెళ్తాను.

భూకంపాలు పెరగడం లేదు. 1900 నుంచి ఉన్న లెక్కల ప్రకారం ప్రపంచం మొత్తం మీద 7 లేదా అంతకు మించిన తీవ్రత గల భూకంపాలు ఏడాదికి సగటున 16 దాకా వస్తాయి. వాటిలో 8 దాటేది ఒకటి. సగటు అంటే ప్రతి ఏడాదీ అంతే అని కాదు. 2010లో 20కి పైగా వచ్చాయి, 1989లో ఏడు కూడా రాలేదు. కొన్నేళ్లు గుంపుగా వస్తాయి, కొన్నేళ్లు నెమ్మదిగా ఉంటుంది. పెరిగింది కొలిచే యంత్రాలు. 1931లో ప్రపంచం మొత్తానికి భూకంపాలను నమోదు చేసే కేంద్రాలు సుమారు 350 ఉంటే ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. ఒకప్పుడు అడవిలో ఎవరికీ తెలియకుండా పోయిన చిన్న కదలిక కూడా ఇప్పుడు నిమిషాల్లో ఫోన్‌లోకి వచ్చేస్తుంది. 2020లో బోరబండలో భూమిలోంచి శబ్దాలు వస్తున్నాయని జనం రాత్రిళ్లు రోడ్ల మీద గడిపారు. అవి చాలా చిన్న ప్రకంపనలు.

మన నేల కింద ఇది కొత్త కాదు. గోదావరి లోయ అంతా పాత పగులు మీదే ఉంది. సింగరేణి బొగ్గు దొరికేది కూడా ఆ పల్లంలోనే. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. 1967లో ఒంగోలు దగ్గర 5.4. అప్పటివాళ్లలో కొందరికి ఇంకా గుర్తే.

అగ్నిపర్వతాల సంగతీ అంతే. ఏ రోజు చూసినా ప్రపంచంలో 40, 50 అగ్నిపర్వతాలు ఏదో ఒక స్థాయిలో రగులుతూనే ఉంటాయి. మన దేశంలో అండమాన్ దగ్గరి బారెన్ ద్వీపం ఒక్కటే చురుకైనది. చాలాకాలం నిద్రపోయి 1991లో లేచింది, అప్పటినుంచి అప్పుడప్పుడు పొగలు కక్కుతోంది. అక్కడ మనుషులు ఉండరు. కాబట్టి తెలుగువాళ్లకు అగ్నిపర్వతంతో పని పడేది ఎక్కువగా ప్రయాణాల్లోనే. బాలి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: బాలికి తూర్పున దూరంగా ఉన్న ఫ్లోరెస్ ద్వీపంలోని లెవొటోబి అగ్నిపర్వతం పేలినప్పుడు 2024లోనూ, 2025లోనూ బాలి విమానాలు రద్దయ్యాయి. తిరుగు టికెట్టుకు, ఆఫీసులో చేరాల్సిన రోజుకు మధ్య రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. బీపీ, షుగర్ మందులు నాలుగు రోజులకు ఎక్కువే పట్టుకెళ్లండి. బూడిద రాలుతుంటే ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి, కాంటాక్ట్ లెన్సులు తీసేయాలి.

ఇక ఫలానా తేదీన భూకంపం వస్తుందని చెప్పేవాళ్ల సంగతి. తేదీ, చోటు, తీవ్రత మూడూ ముందుగా చెప్పగల పద్ధతి ఈ రోజుకీ ఎవరి దగ్గరా లేదు. 2025 జూలైలో జపాన్‌కు పెద్ద విపత్తు అని పుకారు పుట్టి కొందరు టికెట్లే రద్దు చేసుకున్నారు. నెలాఖరున కమ్చాట్కాలో వచ్చేసరికి "చూశారా, చెప్పిన మాట నిజమైంది" అన్నారు. ఏడాదికొకటి ఎక్కడో ఒకచోట 8 దాటేది వస్తూనే ఉంటుంది కదా. ఏ నెల పేరు చెప్పినా ఎప్పుడో ఒకప్పుడు నిజమైనట్టే కనిపిస్తుంది. దయచేసి అలాంటివి ఫార్వర్డ్ చేయకండి. ముసలివాళ్లు రాత్రంతా నిద్ర మానేస్తున్నారు.

భూకంపానికి కాలం లేదు. ఇల్లు కట్టడానికి మాత్రం మనకు కాలం ఉంది. సంక్రాంతి వెళ్లిందంటే మాఘమాసం ముహూర్తాలు, శంకుస్థాపనలు, గృహప్రవేశాలు, అద్దె ఇళ్ల మార్పులు. మనుషుల్ని చంపేది ఎక్కువగా కూలిన ఇల్లే కాబట్టి జాగ్రత్త అక్కడే మొదలవ్వాలి.

కిల్లారి గుర్తుందా? 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజామున నాలుగు కావొస్తోంది. మహారాష్ట్రలోని లాతూరు జిల్లా. వినాయక నిమజ్జనం ముగించుకుని అంతా పడుకున్నారు. తీవ్రత 6.2. మన ములుగు దానికంటే విడుదలైన శక్తి ఇరవై రెట్లకు పైనే, లోతు కూడా చాలా తక్కువ. బండరాళ్లు మట్టితో పేర్చి, మీద మందపాటి మట్టి కప్పు వేసుకున్న ఇళ్లు నిద్రలోనే జనాన్ని కప్పేశాయి. ఎనిమిది నుంచి పది వేల మంది పోయారు. దక్కను గట్టి నేల, ఇక్కడ భూకంపాలు రావు అని నమ్మిన ప్రాంతం అది.

మా పైఅంతస్తు పని 2024 చివర్లోనే మొదలైంది. ఆ ప్రకంపన తర్వాత సైట్‌కు వెళ్లి పిల్లర్ల స్టీలు మొదటిసారి దగ్గర నుంచి చూశాను. నిలువు కడ్డీల చుట్టూ రింగులు వేస్తారు కదా, ఆ రింగు రెండు కొనలు కలిసే చోట ఎల్ ఆకారంలో పక్కకు మడిచి వదిలేశారు. మేస్త్రీని అడిగితే "గట్లనే చేస్తరు సార్ అందరు, ఏం గాదు" అన్నాడు. నాకు తెలిసిన ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిస్తే ఆయన ఒక రింగును చేత్తో లాగి చూపించాడు. పిల్లర్ ఊగినప్పుడు పైపెచ్చు కాంక్రీటు రాలిపోతే ఆ కొన ఇట్టే విప్పుకుంటుంది. రింగు విప్పుకుంటే లోపలి కడ్డీలు బయటికి ఉబ్బి పిల్లరు కూలబడుతుంది. కొనను పిల్లర్ లోపలికి, నడిమధ్య కాంక్రీటులోకి దిగేలా, ఏటవాలుగా 135 డిగ్రీలు వంచాలి. ఆ కొన మూడు అంగుళాలైనా ఉండాలి. పిల్లర్ బీముతో కలిసే చోట, పైనా కిందా, రింగుల మధ్య దూరం నాలుగు అంగుళాలకు మించకూడదు. అన్నీ విప్పించి మళ్లీ కట్టించాం. రెండు రోజుల కూలి, కాస్త స్టీలు అదనం, అంతే. కాంక్రీటు పోసేశాక ఇది ఎవరికీ కనపడదు, తర్వాత సరిదిద్దడం చాలా కష్టం. కాంక్రీటు వేసే ముందు రోజు తప్పకుండా వెళ్లి ఫోన్‌తో ప్రతి పిల్లర్ ఫొటో తీసుకోండి.

పిల్లర్లు లేకుండా ఇటుక గోడల మీద కట్టే ఇల్లయితే గుమ్మాలు, కిటికీల మీద ముక్కలు ముక్కలుగా లింటెల్ వేయించకండి. అన్ని గోడల మీదుగా తెగకుండా చుట్టూ తిరిగి వచ్చే ఒకే పట్టీలా పోయించండి, పునాది మట్టంలోనూ అలాగే. పెట్టెకు తాడు చుట్టి కట్టినట్టు అది నాలుగు గోడల్ని కలిపి పట్టుకుంటుంది.

అపార్ట్‌మెంట్‌లో దిగేవాళ్లు హాలు, బాల్కనీ చూసే ముందు కింద పార్కింగ్‌లోకి వెళ్లండి. 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ దగ్గర 7.7 వచ్చినప్పుడు అక్కడికి రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు కూలి వందల మంది చనిపోయారు. వాటిలో చాలావాటికి కింద గోడల్లేకుండా ఒట్టి పిల్లర్ల మీద పార్కింగ్ ఉంది. పైన అంతస్తులు గోడలతో బిగుసుకుని ఉంటే, కింది అంతస్తు ఒక్కటే ఊగి కూలిపోతుంది. పార్కింగ్‌లో పిల్లర్ల మధ్య అక్కడక్కడ కాంక్రీటు గోడలు వేశారా, లిఫ్ట్ చుట్టూ గోడ కాంక్రీటుదా ఇటుకదా అడగండి. పైపుల కోసం పిల్లర్‌ను ఉలితో చెక్కి ఉంటే, తుప్పు పట్టిన కడ్డీ బయటికి కనిపిస్తుంటే, ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ పైన లేచి ఉంటే అద్దె తక్కువైనా ఆ ఇల్లు వద్దు. డాబా మీద నీళ్ల ట్యాంకులూ లెక్కపెట్టండి. వెయ్యి లీటర్లంటే ఒక టన్ను బరువు.

కృష్ణా డెల్టాలో, గోదావరి గట్ల దగ్గర, నల్లరేగడిలో, పూడ్చిన చెరువు మీద కట్టేవాళ్లు మట్టి పరీక్ష తప్పించకండి. మెత్తని నేలలో ఊపు ఎక్కువవుతుంది. భూకంప ముప్పును బట్టి దేశాన్ని జోన్లుగా విడగొట్టిన (అంకె పెరిగితే ముప్పు ఎక్కువ) 2002 నాటి మ్యాప్‌లో హైదరాబాద్ రెండో జోన్‌లో ఉంటే భద్రాచలం, విజయవాడ, ఒంగోలు మూడో జోన్‌లో ఉన్నాయి. డిజైన్ ఏ జోన్‌కు చేశారో ఇంజనీర్‌ను నోరు తెరిచి అడగాలి. డబ్బు కట్టేది మనమే.

ఇంటి లోపల పని ఒక్క ఆదివారంది. ఆ పొద్దున టకటకమన్న మా బీరువా అమ్మ మంచం తలవైపే ఉండేది. కాస్త గట్టిగా ఊగి ఉంటే అది అమ్మ మీదే పడేది. దాన్ని కాళ్లవైపు గోడకు జరిపి, పైన రెండు ఎల్ క్లాంపులతో గోడకు బిగించాం. అటక మీద ఇత్తడి బిందెలు కిందికి దించాం. మంచం పైన పెద్ద ఫొటో ఫ్రేములు ఉంటే తీసేయండి. గ్యాస్ రెగ్యులేటర్ ఎలా ఆపాలో, మెయిన్ స్విచ్ ఎక్కడుందో పదేళ్ల పిల్లలకు కూడా చూపించండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ' కింద భూకంప హెచ్చరికలు ఉంటాయి, ఆన్ చేసి పెట్టుకోండి. కొన్ని సెకన్ల ముందు మోగినా బల్ల కిందికి దూరడానికి సరిపోతుంది.

ఊపు మొదలైనప్పుడు పై అంతస్తులో ఉంటే మెట్ల వైపు, లిఫ్ట్ వైపు పరుగెత్తవద్దు. గట్టి బల్ల కింద దూరి, తల కాపాడుకుని, దాని కాలు పట్టుకోండి. బల్ల జరిగితే దానితోపాటే జరగండి. మంచం మీద ఉంటే అక్కడే బోర్లా తిరిగి తల మీద దిండు అదుముకోండి. ద్వారబంధం కింద నిలబడితే ఏమీ కాదని పెద్దలు చెబుతారు, ఇప్పటి ఇళ్లకు ఆ మాట పనికిరాదు. మట్టిగోడల ఇల్లో పెంకుటిల్లో అయి, వాకిలి నాలుగు అడుగుల దూరంలోనే ఉంటే మాత్రం బయటికి వచ్చేయడమే మంచిది. వచ్చాక గోడ పక్కన, సన్‌షేడ్ కింద, కరెంటు తీగల కింద నిలబడొద్దు.

సముద్రం దగ్గర ఉన్నవాళ్లకు ఇంకో మాట. 2004 డిసెంబర్ 26 పౌర్ణమి, ఆదివారం. సుమత్రాలో వచ్చిన భూకంపానికి లేచిన సునామీ కొన్ని గంటల్లో మన తీరానికి వచ్చింది. మంగినపూడిలో పుణ్యస్నానాలకు వచ్చినవాళ్లతో సహా ఉమ్మడి రాష్ట్రంలో వంద మందికి పైగా పోయారు. అప్పుడు హెచ్చరించే వ్యవస్థ లేదు. 2007 నుంచి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆ పని చేస్తోంది. అయినా బీచ్‌లో ఉండగా భూమి చాలాసేపు ఊగినా, సముద్రం ఒక్కసారిగా వెనక్కి తగ్గి ఇసుక బయటపడినా ఫోన్ మోగేదాకా ఆగకండి. చేపలు ఏరుకోవడానికి, వీడియో తీయడానికి ముందుకు పోకండి. మెరక వైపు పరుగెత్తాలి. మొదటి అల వెళ్లిపోయిందని వెంటనే దిగి రావొద్దు, తర్వాతిది ఇంకా పెద్దది కావచ్చు.

ఊపు ఆగాక గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ కూడా ముట్టుకోకండి. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. దెబ్బలు తగిలితే 108, ఇంకేదైనా 112. గోడ ప్లాస్టర్‌లో వెంట్రుకవాసి చీలికలకు భయం అక్కర్లేదు. పిల్లర్ మీదో బీము మీదో ఏటవాలు పగులు కనిపిస్తే మాత్రం ఇంజనీర్ చూసి సరేనన్నదాకా ఆ రాత్రి బంధువుల ఇంట్లోనే పడుకోండి. పెద్ద భూకంపం తర్వాత చిన్నవి రోజుల తరబడి వస్తుంటాయి, అప్పటికే దెబ్బతిన్న పిల్లరు వాటికి నిలవకపోవచ్చు.