లైవ్ నుంచి డెవలప్‌మెంట్‌కు డేటా: మధ్యలో ఒక రెప్లికా పెట్టుకునే పద్ధతి

"లైవ్ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని డెవలప్‌మెంట్ సర్వర్‌కి రెప్లికేట్ చేసి పెట్టండి" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒకటే అడుగుతాను: ఆ కాపీలో చదవడమేనా, రాయడం కూడా ఉందా? డెవలపర్లు కాబట్టి రాస్తారు. కొత్త కాలమ్ కలుపుతారు, టెస్ట్ ఆర్డర్లు పెడతారు, అడ్డొచ్చిన రోలు తీసేస్తారు. రెప్లికాలో, అంటే లైవ్‌లో జరిగే ప్రతి మార్పునీ ఎప్పటికప్పుడు తనలో రాసుకునే కాపీలో, ఇవి కుదరవు. టెస్ట్ ఆర్డర్‌కి 50121 అనే ఐడీ పడిందనుకోండి. కాసేపటికి లైవ్‌లో అసలైన 50121 వస్తుంది. రెప్లికా దాన్ని రాయబోయి, డూప్లికేట్ కీ అంటూ 1062 ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఇక్కడ తీసేసిన రోని లైవ్‌లో ఎవరైనా మారిస్తే, ఆ రో దొరకలేదంటూ 1032. ఆ ఎర్రర్లను స్కిప్ చేసుకుంటూ బండి లాగించేవాళ్లున్నారు. కొన్నాళ్లకు ఆ కాపీలో ఏది నిజమో వాళ్లే చెప్పలేరు.

అందుకే నేను లైవ్‌కీ డెవలప్‌మెంట్‌కీ మధ్యలో ఒక రెప్లికా పెడతాను. దానికి లైవ్ నుంచి డేటా ఆగకుండా వస్తుంటుంది, అందులో ఎవరూ రాయరు. రోజూ రాత్రి దాన్నుంచి డంప్ (డేటా మొత్తం ఒక ఫైల్‌గా) తీసి, వ్యక్తిగత వివరాలు చెరిపి డెవలపర్లకు ఇస్తాను. కింద చెప్పేది మైఎస్‌క్యూఎల్ 8.0, 8.4 వెర్షన్ల సంగతి.

లైవ్ వైపు పెద్ద పనేం లేదు. 8.0 నుంచి బైనరీ లాగ్ (డేటాలో జరిగే మార్పులు రాసుకునే ఫైళ్లు, రెప్లికా చదివేది వీటినే) దానంతటదే ఆన్‌లో ఉంటుంది. సర్వర్ ఐడీ మాత్రం రెండు చోట్లా డిఫాల్ట్‌గా 1 ఉంటుంది కాబట్టి రెప్లికాకి 2 ఇవ్వండి. రెప్లికాని లైవ్ మెషీన్ క్లోన్‌తో తయారు చేసుంటే ఇంకో చిక్కుంది: డేటా డైరెక్టరీలో ఆటో.సీఎన్‌ఎఫ్ ఫైల్ కూడా కాపీ అయి, రెండిటి యూయూఐడీ (సర్వర్‌ని గుర్తించే ప్రత్యేక కోడ్) ఒకటే అయిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌ని ఆపి ఆ ఫైల్ తీసేయండి, మళ్లీ లేచినప్పుడు కొత్తది రాసుకుంటుంది.

జీటీఐడీ (ప్రతి ట్రాన్సాక్షన్‌కీ పడే ప్రత్యేక గుర్తింపు, ఎక్కడిదాకా వచ్చిందో రెప్లికాకి దీంతోనే తెలుస్తుంది) ఆన్ చేసుకోండి. పాత పద్ధతిలో లాగ్ ఫైల్ పేరు, పొజిషన్ రాసిపెట్టుకుని తిరగాలి, ఆ గొడవ ఇప్పుడెందుకు? నడుస్తున్న సర్వర్‌ని ఆపకుండానే మార్చొచ్చు. ముందు ఎన్‌ఫోర్స్_జీటీఐడీ_కన్సిస్టెన్సీని వార్న్‌లో పెట్టి కొన్ని రోజులు ఎర్రర్ లాగ్ చూడండి. ఏమీ రాకపోతే దాన్ని ఆన్ చేసి, జీటీఐడీ_మోడ్‌ని ఆఫ్_పర్మిసివ్, ఆన్_పర్మిసివ్, ఆన్ అని వరసగా మార్చండి. కాన్ఫిగ్ ఫైల్లో కూడా రాయండి, లేదంటే రీస్టార్ట్‌తో పోతుంది.

తర్వాత లైవ్‌లో ఒక యూజర్. రెప్లికేషన్ స్లేవ్ అనే ఒక్క హక్కు చాలు, అదీ రెప్లికా ఐపీ నుంచి మాత్రమే. కనెక్షన్ ఎప్పుడూ రెప్లికా నుంచి లైవ్‌కి వెళ్తుంది కాబట్టి ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క ఐపీకే 3306 తెరవండి. ఎస్‌ఎస్‌ఎల్ తప్పనిసరి చేయండి.

ఇప్పుడు మొదటి డంప్. మైఎస్‌క్యూఎల్‌డంప్‌కి సింగిల్-ట్రాన్సాక్షన్ ఆప్షన్ ఇస్తే ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ స్టోరేజ్ ఇంజిన్) టేబుళ్లు లాక్ కాకుండా వస్తాయి. జీటీఐడీ ఉన్నా, లేక సోర్స్-డేటా (లాగ్ పొజిషన్‌ని డంప్‌లో రాసే) ఆప్షన్ ఇచ్చినా, మొదట్లో ఒక్క క్షణం గ్లోబల్ రీడ్ లాక్ పడుతుంది. మామూలుగా ఎవరికీ తెలియదు. కానీ ఆ సమయంలో అరగంట నడిచే రిపోర్ట్ క్వెరీ ఉంటే లాక్ దాని కోసం ఆగుతుంది, దాని వెనక సైట్ రైటులన్నీ ఆగుతాయి. ముందు ప్రాసెస్‌లిస్ట్ (నడుస్తున్న క్వెరీల జాబితా) చూసి మొదలుపెట్టండి. డంప్ నడుస్తుండగా ఆల్టర్ టేబుల్ వద్దు. రొటీన్స్ (డేటాబేస్‌లో దాచిన ప్రోగ్రాములు), ఈవెంట్స్ (టైమ్‌కి వాటంతటవే నడిచే పనులు) ఆప్షన్లు విడిగా అడగాలి, ట్రిగ్గర్లు మాత్రం వాటంతటవే వస్తాయి. అన్ని డేటాబేసులూ కాకుండా మీ అప్లికేషన్‌వి మాత్రమే తీయండి, లేకపోతే లైవ్ యూజర్లు, పాస్‌వర్డ్‌లు కూడా వెంట వస్తాయి.

ఖాళీ రెప్లికాలో దాన్ని లోడ్ చేసి, ఛేంజ్ రెప్లికేషన్ సోర్స్ టు కమాండ్‌లో హోస్ట్, యూజర్, పాస్‌వర్డ్, సోర్స్_ఎస్‌ఎస్‌ఎల్=1, సోర్స్_ఆటో_పొజిషన్=1 ఇచ్చి, స్టార్ట్ రెప్లికా కొట్టండి. పాత ట్యుటోరియల్స్‌లోని ఛేంజ్ మాస్టర్ టు, స్టార్ట్ స్లేవ్ 8.4లో పూర్తిగా తీసేశారు. చివరగా సూపర్_రీడ్_ఓన్లీ ఆన్ చేయండి. ఉత్త రీడ్_ఓన్లీ అయితే అడ్మిన్ హక్కులున్నవాళ్లు రాసేయగలరు, రాసేదీ ఎక్కువగా వాళ్లే.

షో రెప్లికా స్టేటస్‌లో ఐఓ రన్నింగ్ (లైవ్ నుంచి లాగ్ తెచ్చేది), ఎస్‌క్యూఎల్ రన్నింగ్ (దాన్ని రెప్లికాలో అమలు చేసేది) రెండూ యెస్ ఉండాలి. సెకండ్స్_బిహైండ్_సోర్స్ సున్నా చూసి నిశ్చింతగా ఉండకండి. నెట్‌వర్క్ నెమ్మదించి బైనరీ లాగ్ ఆలస్యంగా వస్తున్నప్పుడూ అది సున్నా చూపించగలదు. లైవ్‌లో ఒక చిన్న టేబుల్ పెట్టి నిమిషానికోసారి టైమ్ రాయించండి, రెప్లికాలో ఆ టైమ్ చూడండి. ఎంత వెనకబడిందో అదే చెబుతుంది.

రెప్లికాని వారాల తరబడి ఆపి ఉంచితే ఇంకో ఇబ్బంది. లైవ్‌లో బైనరీ లాగులు డిఫాల్ట్‌గా 30 రోజులుంటాయి. డిస్క్ నిండుతోందని ఎవరైనా దాన్ని తగ్గించి ఉంటే, రెప్లికా లేచేసరికి కావలసిన లాగ్ ఉండదు, 1236 ఎర్రర్ వస్తుంది. అప్పుడు డంప్ దగ్గర్నుంచి మళ్లీ మొదలు.

ఇక రాత్రి పని. రెప్లికా నుంచి తీసే డంప్‌కి సెట్-జీటీఐడీ-పర్జ్‌డ్=ఆఫ్ ఇవ్వండి, లేకపోతే డెవలప్‌మెంట్ సర్వర్‌లో లోడ్ అయ్యేటప్పుడు జీటీఐడీ దగ్గర గొడవ చేస్తుంది. ఈ డంప్‌లో ఈవెంట్స్ వద్దు. డెవలపర్లకు హక్కుల్లేని ఇన్‌స్టన్స్‌లో లోడ్ చేసి, అక్కడే చెరిపే స్క్రిప్ట్ నడపండి: పేర్లు, ఫోన్లు, చిరునామాలు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు, పేమెంట్ టోకెన్లు, ఏపీఐ కీలు. ఈమెయిళ్లను యూజర్ ఐడీతో కలిపి డాట్ ఇన్‌వాలిడ్ డొమైన్‌కి మార్చండి. ఆ డొమైన్‌ని 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2606 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం ఇలాంటి అవసరాలకే పక్కన పెట్టింది, దానికి పంపిన మెయిల్ ఎవరికీ చేరదు. డెవలప్‌మెంట్ క్రాన్ జాబ్ (టైమ్‌కి దానంతటదే నడిచే పని) ఒకటి నిజం కస్టమర్లకు "మీ ఆర్డర్ రద్దయింది" అని మెయిళ్లు పంపితే ఎంత టెన్షనో వేరే చెప్పాలా? కామెంట్లు, సపోర్ట్ మెసేజ్‌ల కాలమ్స్ కూడా చూడండి, జనం ఫోన్ నంబర్లు అక్కడే రాస్తారు. అన్నీ చెరిపాక మళ్లీ డంప్ తీసి డెవలపర్లకు ఇవ్వాలి.

"రోజూ కాపీ మారితే మా కొత్త కాలమ్స్ పోతాయి కదా" అని డెవలపర్లు అంటారు. పోతాయి. అందుకే లోడ్ అయ్యాక వాళ్ల మైగ్రేషన్ స్క్రిప్టులు (టేబుళ్ల నిర్మాణం మార్చేవి) అదే జాబ్‌లో నడిపిస్తాను. డూప్లికేట్లున్న కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ పెట్టబోయే మైగ్రేషన్ ఆ రాత్రే ఆగిపోతుంది, ఎర్రర్ పొద్దున్నే అది రాసినవాళ్ల మెయిల్‌బాక్స్‌లో ఉంటుంది.