లేబుల్ ప్రింటర్ నేర్చుకుందాం – 3వ పాఠం: రిబ్బన్, రోల్

కిందటి పాఠంలో ప్రింటర్ మూత తీసి అచ్చు వేసే హెడ్డునీ, దాని కింద తిరిగే నల్ల రబ్బరు రోలర్‌నీ చూశాం. ఈసారి అందులో వేసే సరుకు సంగతి. మీకు గుంటూరులో పచ్చళ్లు, కారం ప్యాక్ చేసి అమ్మే చిన్న యూనిట్ ఉందనుకోండి. ఉదాహరణలన్నీ అందులోంచే తీసుకుందాం.

హెడ్డులో సన్నటి చుక్కల వరస ఒకటి ఉంటుంది. కరెంటు వచ్చిన చుక్క వేడెక్కుతుంది. ఆ వేడికి కాగితం మీద పూసిన రసాయనమే నల్లబడితే దాన్ని డైరెక్ట్ థర్మల్ అంటారు. సూపర్ మార్కెట్లో కూరగాయలు తూచి అంటించే స్టిక్కర్ సాధారణంగా ఈ రకమే. గోటితో గట్టిగా, వేగంగా గీకి చూడండి, నల్ల గీత పడుతుంది. రిబ్బన్ ఖర్చు లేదు కాబట్టి కొరియర్ పార్శిళ్లకి ఇదే నయం. కానీ వేడికి నల్లబడే కాగితం మన మే నెల ఎండలో ఊరుకుంటుందా? అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన బండిలో ఉంచితే లేబుల్ మొత్తం మసకబారిపోవచ్చు. ఇక నూనె తగిలితే అక్షరాలు వెలిసిపోతాయి. ఆవకాయ సీసాకి ఇది అంటించారో, కొన్నవాళ్లకి తయారీ తేదీ కనిపించదు.

రెండోది థర్మల్ ట్రాన్స్‌ఫర్. ఇందులో హెడ్డుకీ లేబుల్‌కీ మధ్య రిబ్బన్ నడుస్తుంది. దాని మీది సిరా పొర కరిగి లేబుల్‌కి అంటుకుంటుంది. సిరాలో ఏం కలుపుతారో దాన్ని బట్టి రిబ్బన్లు మూడు రకాలు: వాక్స్ (మైనం), వాక్స్-రెజిన్, రెజిన్ (ప్లాస్టిక్ లాంటి గట్టి పదార్థం). వాక్స్ చవక, తక్కువ వేడికే కరుగుతుంది, మామూలు కాగితం లేబుల్‌కి బాగుంటుంది. గట్టిగా రుద్దితే మాత్రం లేచిపోతుంది. రెజిన్ నూనెకీ రాపిడికీ తట్టుకుంటుంది, కాకపోతే వేడి పెంచాలి, స్పీడు తగ్గించాలి, ప్లాస్టిక్ లేబులే వాడాలి. మామూలు కాగితం మీద రెజిన్ వేయడం డబ్బు దండగ. వాక్స్-రెజిన్ ఈ రెండింటికీ మధ్యస్థం. పచ్చడి సీసాకైతే నా సలహా ఇది: పీపీ (పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్) లేబుల్ మీద వాక్స్-రెజిన్‌తో ఒకటి కొట్టి, ఆవకాయ నూనె అద్దిన వేలితో రుద్దండి. చెరిగితే రెజిన్‌కి వెళ్లండి. సీసా లోపల రుచి ఎలా ఉన్నా, బయట ఎంఆర్‌పీ చెరిగిపోతే కొట్టువాడు సరుకు వెనక్కి పంపేస్తాడు.

రిబ్బన్ కొనేటప్పుడు సిరా వైపు లోపలికి చుట్టారా, బయటికా అని అడగాలి. ఇంక్ ఇన్, ఇంక్ అవుట్ అంటారు. మీ ప్రింటర్‌కి ఏది పడుతుందో దాని మాన్యువల్లో ఉంటుంది. చేతిలో ఉన్నది ఏదో తేలకపోతే ఒక లేబుల్ ఊడదీసి, జిగురు వైపు రిబ్బన్‌కి అద్ది లాగండి. ఏ వైపు సిరా ఊడి వస్తే అదే సిరా వైపు. తిరగేసి వేస్తే సిరా లేబుల్‌కి బదులు హెడ్డుకి పట్టుకుంటుంది.

వెడల్పు కూడా చూసుకోండి. రిబ్బన్ లేబుల్ కంటే కాస్త వెడల్పుగా ఉండాలి, లేకపోతే కాగితం అంచు హెడ్డుని అరగదీస్తుంది. అన్నట్టు ప్రింటర్‌ని కారం మర పక్కన పెట్టకండి. దుమ్ము హెడ్డుకి పడితే అచ్చులో పొడుగునా తెల్ల గీత వస్తుంది. రిబ్బన్ మార్చినప్పుడల్లా హెడ్డు చల్లారనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడవండి.

ఇక రోల్. ‘50 బై 25, టూ అప్’ అంటే 50 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. ఎత్తున్న లేబుళ్లు పక్కపక్కన రెండేసి. వరసల మధ్య ఖాళీ గ్యాప్, సాధారణంగా 3 మి.మీ. అక్కడ అడుగు కాగితం ఒక్కటే ఉంటుంది కాబట్టి వెలుగు ఎక్కువ దూరుతుంది, దాన్ని బట్టే సెన్సర్ లేబుల్ ఎక్కడ మొదలవుతుందో పట్టుకుంటుంది. రోల్ మార్చాక లేబుళ్లు దాటిపోతుంటే కాలిబ్రేషన్ చేయాలి, అంటే కొత్త లేబుల్, గ్యాప్ కొలతలు సెన్సర్‌కి మళ్లీ పట్టించాలి. లోపలి అట్ట గొట్టం కోర్: టేబుల్ మీది చిన్న ప్రింటర్లకి ఎక్కువగా 1 అంగుళం, పెద్దవాటికి 3 అంగుళాలు.

డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ లెక్క. 203 అంటే మిల్లీమీటర్‌కి 8 చుక్కలు, 300 అంటే దాదాపు 12. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు చిన్న లేబుల్లో ఇరికించాలంటే 300 తీసుకోవడమే మేలు.

ఇంటిపని: రిబ్బన్ పొడవు 74 మీటర్లు. లేబుల్ ఎత్తు 50, గ్యాప్ 3 అయితే ఒక్కోదానికి 53 మి.మీ. రిబ్బన్ పోతుంది, అంటే దాదాపు 1,396 లేబుళ్లు. అదే రిబ్బన్‌తో పైన చెప్పిన 50 బై 25, టూ అప్ లేబుళ్లు ఎన్ని వస్తాయో లెక్క కట్టండి. జవాబు వచ్చే పాఠంలో.